కెమెరా పక్కన వియ్యంకుడు

ఆ ఆదివారం ఉదయం మణవాళనగర్‌లోని మా ఇంటి ముందు హాలులో హాజరైనవారు వరుసగా వీరు: తూర్పు గోడవైపు కుర్చీలో నేను, సుబ్రమణ్యం, సబ్ రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి, నా కుడివైపున నా కుమారుడు హేమనాథ్, అతని పక్కన కోడలు రంజిత, వంటింటి గడప దగ్గర, కూర్చోకుండా, గోడకు ఆనుకొని నా భార్య మునిలక్ష్మి, అందరికంటె చివర, కిటికీ దిమ్మె మీద కాళ్లు ముడుచుకొని నా మనుమరాలు మనస్వి. పెళ్లికూతురు ఆమే. వచ్చే గురువారం ఉదయం తిరుత్తణిలో ఆమె పెళ్లి. ఈ సమావేశాన్ని పిలిచినవాణ్ణి నేను కాదు. నాకు నచ్చని మొదటి విషయం అదే.

పిలిచినవాడు హేమనాథ్. కారణం, గోకుల్ నుంచి అతనికి వచ్చిన ఫోన్. గోకుల్ తిరువళ్లూరులో, గుడి తేరు నిలిపే తేరడి దగ్గర స్టూడియో నడిపే యువకుడు; పెళ్లి ఫోటోలకు నేను మాట్లాడి పెట్టినవాడు. మొక్కు తీర్చుకోవడానికి తిరుత్తణి కొండకు నడిచి వెళ్లే ఒక పెద్ద కావడి బృందం తననూ తన మనుషులనూ వారమంతా కుదుర్చుకున్నదని, గురువారం రాలేనని, సార్‌కు చెప్పడానికి భయమేసి కొడుక్కు చెబుతున్నానని అన్నాడట.

ఇక్కడ నా ఆలోచనను వివరించవలసి ఉంది. మా పూర్వులు విజయనగర రాజుల నాడు ఈ సీమకు వచ్చి సేద్యం చేసుకొని స్థిరపడ్డారు. భాషలో తమిళం కలిసింది, భోజనంలో కలిసింది. పంచాంగం మాత్రం మారలేదు. శ్రావణం రాగానే మేము పెళ్లిళ్లు చేస్తాం. ఆ రోజులలో చాలా భాగం మా ఇరుగుపొరుగు తమిళులకు ఆడి మాసం. ఆడిలో వారు శుభకార్యం తలపెట్టరు. మండపాలు ఖాళీగా ఉంటాయి, మేళగాళ్లు ఖాళీగా ఉంటారు, ఫోటోగ్రాఫర్లు స్టూడియోల ముందు కుర్చీలు వేసుకొని పత్రికలు చదువుకుంటారు. అటువంటి కాలంలో ఫోటోగ్రాఫర్‌కు బయానా ఇవ్వడం వానలో నిలబడి నీళ్లు కొనడం వంటిదని నా అభిప్రాయం. గోకుల్ కూడా, ఆడిలో మాకేం పని సార్, ఎప్పుడు పిలిచినా వస్తాను అన్నాడు. అంతటితో పని పూర్తయినట్టు నేను భావించాను.

ఆడిలో తిరుత్తణికి ఒక్క పెద్ద పండుగ ఉంది, ఆడి కృత్తిక. అది నాకు తెలియనిది కాదు. క్యాలెండరులో కృత్తిక నక్షత్రం మాసం మొదట్లోనే కనబడింది. మా పెళ్లినాటికి పండుగ వెళ్లిపోయి ఉంటుందని నిశ్చింతగా ఉన్నాను. ఈ ఏడు ఆ నక్షత్రం ఒకే మాసంలో రెండుసార్లు వచ్చింది. కొండ మీద ఉత్సవం రెండవదానికి పెట్టారు. ఆ పుట తిప్పి చూడలేదు. తత్ఫలితంగా, సరిహద్దుకు ఇవతల కెమెరా పట్టగలిగిన ప్రతివాడూ కావళ్ల వెంట ఉన్నాడు. సరిహద్దుకు అవతల నగరిలో, పుత్తూరులో కెమెరా పట్టగలిగిన ప్రతివాడూ శ్రావణం పెళ్లిళ్లలో ఉన్నాడు. ఈ పక్క ఆడి, ఆ పక్క శ్రావణం, నడుమ మేము.

మనస్వి కిటికీ దిమ్మె మీదినుంచే అడిగింది. "తాతగారూ, గోకుల్‌కి అడ్వాన్స్ ఇచ్చినారా?"

ఇవ్వలేదన్నాను. అతడు మాట ఇచ్చాడని, పెద్దమనుషుల మధ్య మాట చాలునని అన్నాను.

"మీరు నాకు రెండుతూర్లు చెప్పినారు, అంతా అయిపోయింది, నువ్వు దాని గురించి తలచుకోవద్దని."

గొంతు పెంచలేదు. గొంతు పెంచకూడదని చిన్నప్పుడు నేర్పినవాణ్ణి నేనే. దిగి, ఫోన్ తీసుకొని వరండాలోకి వెళ్లింది. కిటికీ తెరిచే ఉంది కాబట్టి ఆమె మాటలు అందరికీ వినిపించాయి.

"తాతా, నువ్వు యాడుండావు? ఈడ ఫోటోల పని చెడిపోయింది తాతా. నువ్వే ఏమన్నా చెయ్యాల."

నేను ఆమెకు చేతికందే దూరంలో కూర్చుని ఉన్నాను. ఆమె పిలిచిన తాత నేను కాదు.

ఆ తాత వరదయ్య. రంజితకు తండ్రి, నాకు వియ్యంకుడు. పొదటూరుపేట దాటాక, ఆంధ్ర సరిహద్దుకు ఆనుకొని ఉన్న పల్లెలో ఆయనకు మామిడి తోటలున్నాయి, ఇటుకల బట్టీ ఉంది. హైస్కూలు చదువు నడుమ విడిచిపెట్టిన మనిషి. నేను మదరాసులో బి.ఏ. చదివి, ఇంగ్లీషులో దస్తావేజులు రాసి, మూడు తాలూకాలలో గౌరవంగా పనిచేసి వచ్చాను. అయినా ఏ ఇంట్లో ఏ సమస్య వచ్చినా, నా ముందే, ఫోన్ ఆయనకు వెళుతుంది. హేమనాథ్ ఇల్లు కట్టినప్పుడు అలాగే జరిగింది, మునిలక్ష్మికి కంటి ఆపరేషన్ అయినప్పుడూ అలాగే జరిగింది. నేను ఆస్పత్రి కాగితాలు చదువుతూ ఉంటే ఆయన డాక్టరుతో నవ్వుతూ మాట్లాడేవాడు.

మనస్వి నన్ను 'మీరు' అంటుంది, ఆయనను 'నువ్వు' అంటుంది. మా ఇంట్లో పెద్దలను 'మీరు' అనాలని నియమం పెట్టినవాణ్ణి నేనే గనుక దీనిపై ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదు. అయినా ఆ ఒక్క మాట విన్నప్పుడల్లా, నాకు రావలసిన ఆస్తి వేరొకరి పేర రిజిస్టరైనట్టు ఉంటుంది. కాలేజీ దరఖాస్తు మీద సంతకం కావాలంటే నా దగ్గరికి వచ్చేది. పరీక్ష తప్పినప్పుడు ఏడవడానికి ఆయనకు ఫోన్ చేసింది.

నిశ్చితార్థం నాడే వరదయ్య మండపం తాను చూస్తానన్నాడు. వంటవాళ్లను, నాదస్వరాన్ని, పూలను తానే తీసుకున్నాడు. మిగిలినవి ఫోటోలు. నగరిలో తనకు తెలిసిన మనిషి ఒకడున్నాడని ఆయన చెప్పబోతుండగా అడ్డుకొని, ఆ బాధ్యత నాది అన్నాను, కాస్త గట్టిగానే. భోజనాన్ని జనం మధ్యాహ్నానికి మరచిపోతారు. పూలు సాయంత్రానికి వాడిపోతాయి. నిలిచేవి ఫోటోలు. మనస్వి ముసలిదై తన మనుమలకు పెళ్లి చూపించే రోజున ఆమె పక్కన నేను ఉండాలి, ఆ బొమ్మలు నా వల్ల వచ్చినవై ఉండాలి. నేను కోరుకున్నది ఇంతే. ఇప్పుడు అది కూడా ఆయన చేతికి పోతున్నది.

అందుకని లేచి, అంగవస్త్రం సర్దుకొని, సాయంత్రంలోగా ఫోటోగ్రాఫర్‌ను నేనే కుదురుస్తానని ప్రకటించాను. మునిలక్ష్మి వంటింట్లోకి వెళ్లిపోయింది. మనస్వి చెప్పులు వేసుకొని నా వెంట వచ్చింది. నా మీద నమ్మకంతో వచ్చిందో, నమ్మకం లేక వచ్చిందో నేను అడగలేదు.

తేరడి నుంచి మొదలుపెట్టి బజారంతా తిరిగాం. మొదటి స్టూడియోకు తాళం. యజమాని కుటుంబంతో కొడైకానల్ వెళ్లాడని పక్క టీ అంగడివాడు చెప్పాడు. రెండవ స్టూడియోలో ఉన్నది యజమాని తల్లి. కొడుకు కావడి వెంట నడుస్తున్నాడని, పసుపు బట్ట కట్టుకున్నవాడు కెమెరా ముట్టడని అన్నది. మూడవది నటరాజ్ స్టూడియో. అతడు తెలుగువాడే, తమిళంలోనే రాయడం చదవడం వచ్చిన తరంవాడు. కౌంటరు మీద మోచేతులు ఆనించి మమ్మల్ని ఆసక్తిగా చూశాడు.

"కల్యాణం గురువారమా? ఈ గురువారమేనా? ఏం సార్, పెండ్లికొడుకు దొరికిన దినమే గదా ఫోటోగ్రాఫర్‌ని వెతికేది, మీరు ఇంకా వెతుక్కుంటా ఉండారు. నేను ఆడి గదా అని కెమెరాలు రెండూ సర్వీస్‌కి మదరాసు పంపించేసినా. వచ్చేది ఆడి పోయి ఆవణి నెల పుట్టినాకే. మీ పాపని ఆవణికి ఆగమను, నేనే వచ్చి తీస్తా."

మనస్వి నవ్వింది. ఆ పరిస్థితిలో నవ్వు రావడం నాకు ఆశ్చర్యం కలిగించింది. అది వరదయ్య ఇంటి నవ్వు.

ఆమె నగరికి, పుత్తూరుకు ఫోన్లు చేస్తూనే ఉంది. గురువారం మంచి ముహూర్తమట. అక్కడ ఒక్కొక్కడు ఒకే రోజున రెండు పెళ్లిళ్లు ఒప్పుకొని ఉన్నాడు. చివరకు బస్టాండు వెనక మేడ మీద తంగరాజు అనే వ్యక్తి దొరికాడు. గురువారం ఖాళీయే అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పటికప్పుడు ఒప్పందం చేసుకోవడానికి సిద్ధపడ్డాను. అతడు తన ఫోన్‌లో పాత పెళ్లిళ్ల ఫోటోలు మనస్వికి చూపించాడు. నేనూ తొంగి చూశాను. పెళ్లికూతుళ్లందరి ముఖాలూ సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా ఉన్నాయి. ఎవరి ముక్కు ఎక్కడ ఉన్నదో వెతకవలసి వచ్చింది. వెనుక జలపాతాలు పడుతున్నాయి, హంసలు ఈదుతున్నాయి. మనస్వి ఫోన్‌ను రెండు చేతులా పట్టుకొని తిరిగి ఇచ్చింది. బాగున్నాయండీ అన్నది. ఆ 'అండీ' నాకు బాగా తెలుసు. నాతో మాట్లాడేటప్పుడు వాడేదే.

అప్పటికీ నేను వద్దనలేదు. తంగరాజును కుదిర్చితే ఫోటోలు నావల్ల వచ్చినట్టు. వదిలితే ఇక దారి వరదయ్య ఇంటికే. సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. ఆమె ముఖం చూడగానే అవతల ఎవరో తెలిసిపోయింది.

"దొరికినారా తాతా? నిజంగానా? యాడ, తిరుత్తణిలోనా? నువ్వు ఆడ్నే ఉండు, మేము వస్తాం."

తంగరాజు నా వంక చూశాడు. మేడ మెట్లు దిగుతుంటే నా మోకాళ్లు నొప్పి పెట్టాయి. ఎక్కేటప్పుడు ఆ నొప్పి తెలియలేదు.

అరక్కోణం మీదుగా వెళ్లే లోకల్ రైలు కావడి జనంతో నిండి ఉంది. ఒక వృద్ధుడు తన కావడికున్న నెమలిఈకలు నా కంటికి తగలకుండా చేత్తో పట్టుకొని నిలబడ్డాడు. దారి పొడవునా మనస్వి ఫోన్‌లో వరదయ్యతో మాట్లాడుతూనే ఉంది. ఫోటోల సంగతి మొదటి స్టేషన్ దాటేలోపే ముగిసింది. తక్కినదంతా ఆయన తోటలో ఈనిన ఆవు గురించి.

తిరుత్తణి స్టేషన్ బయట వరదయ్య జీపుతో ఉన్నాడు. తెల్ల పంచె, చేతులు మడిచిన చొక్కా, నుదుట విభూతి. "రా మనసమ్మా" అని ఆమె తలమీద చెయ్యి వేశాడు. మనస్వి అని నేను పెట్టిన పేరును ఆయన ఒక్కడే అలా తన ఇష్టం వచ్చినట్టు పిలుస్తాడు.

"ఏం బావా, ఎండలో శానా తిరిగినట్టుండావే" అన్నాడు నాతో. "మొగమంతా కందిపోయింది. కొబ్బరి బొండం తాగుతావా?"

వద్దని చెప్పాను. దాహంగానే ఉన్నాను.

ఫోటోగ్రాఫర్ పేరు దేవసేన. కొండ కింద, మెట్లదారి మొదలయ్యే వీధిలో ఆమె స్టూడియో. గోడల నిండా గుండ్లు కొట్టించుకొని గంధం పూసుకున్న పసిబిడ్డలు. చెవులు కుట్టే క్షణంలో నోళ్లు తెరిచి ఏడుస్తున్న పసిబిడ్డలు. కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవారి ఫోటోలే ఆమె వృత్తి. పెళ్లి ఫోటోలు కూడా తీస్తుందట. వరదయ్య ఇంటి పిల్లలందరి గుండ్లూ ఈ స్టూడియోలోనే ఉన్నాయి. అందులో మనస్వి గుండు కూడా ఉంది. మా ఆచారం ప్రకారం బిడ్డను మేనమామ ఒళ్లో కూర్చోబెడతారు. వెనుక తల్లి వైపు తాత నిలబడతాడు. తండ్రి వైపు తాతకు ఆ పటంలో నియమిత స్థానం లేదు. ఆ పటాన్ని నేను ఎక్కువసేపు చూడలేదు.

దేవసేన యాభై ఏళ్ల మనిషి. కుర్చీలోనుంచి లేవలేదు. ఆమె తెలుగు మా తెలుగే. కావడి పని తనకు గురువారం మధ్యాహ్నం నుంచే మొదలని, ఉదయం తాళికట్టు, ఆపైన గ్రూపు ఫోటోలు అయ్యేవరకు ఉండగలనని చెప్పింది. తన పారితోషికం చెప్పింది. బేరం ఆడేవారు పక్క వీధికి వెళ్లవచ్చునని కూడా చెప్పింది. నేను ఒప్పుకున్నాను. ఆపైన ఆమె తన షరతు పెట్టింది.

"పెండ్లికి ముందే ఇంటికి వచ్చి అందర్నీ చూసుకొనుంటే ఈ మాట చెప్పను. ఇప్పుడు టైం లేదు. ఎవరు మేనత్త, ఎవరు పెద్దమ్మ, ఎవరు పలకరించకుంటే అలుగుతారు, నాకేం తెలుసు? రెండు పక్కల మనుషుల్నీ తెలిసినోళ్లు ఒకరు పొద్దున్నించీ నా భుజం పక్కనే నిలబడాల. ఎవర్ని తియ్యాల్నో చూపించాల, పిలిచి నిలబెట్టాల. వాళ్లు మాత్రం ఫోటోలో రారు. ముందే చెప్తా ఉండా. తర్వాత మా తాత ఒక్క ఫోటోలో గూడా లేడే అని నాకు ఫోన్ చెయ్యకూడదు."

హేమనాథ్, రంజిత పీటల మీద కూర్చోవలసినవారు. మునిలక్ష్మి కంటిచూపు అంతంతమాత్రం. పెళ్లికొడుకు మణికంఠది కవరైపేట్టై. ఆ వైపు బంధువులను కూడా పేరుతో పిలవగలిగినవారు మా రెండిళ్లలో ఇద్దరే. ఒకరు నేను; పెళ్లిపత్రికలన్నింటిమీదా పేర్లు రాసినవాణ్ణి. రెండవవారు వరదయ్య, పత్రికలు పంచడానికి ఇల్లిల్లూ తిరిగినవాడు.

అప్పుడు నా మనస్సులో ఒక ఆలోచన పుట్టింది. అది ఎంత చక్కగా, ఎంత సక్రమంగా ఉన్నదంటే, నేను దాన్ని ఇంగ్లీషులో ముందు ఆలోచించి ఆపైన తెలుగులో పలికాను. ఇంత బాధ్యతగల పనికి వరదయ్య గారికంటె అర్హులు లేరన్నాను. బంధువర్గమంతా వారి మాట వింటుందని, వారు పిలిస్తే ఎవరూ అలగరని, నావంటి వానికి ఆ చొరవ లేదని అన్నాను. ఆయనను నేను అంతగా పొగడడం మనస్వి ఎన్నడూ విని ఉండదు. తల తిప్పి నన్ను చూసింది.

వరదయ్య కూడా చూశాడు. అవసరమైనదానికంటె కొంచెం ఎక్కువసేపు చూశాడు. ఆపైన నవ్వాడు.

"దానికేముంది బావా. నా మొగం ఫోటోలో ఉంటే ఏమి, లేకుంటే ఏమి. మామిడికాయ తినేవాడు తోటమాలి మొగం అడుగుతాడా?"

"నువ్వుండాల తాతా" అన్నది మనస్వి. "నువ్వు లేకుండా నాకు ఫోటోలెందుకు?"

"యాడికి పోతానమ్మా, నీ ఎదురుగానే గదా ఉంటా."

ఆ సాయంత్రం రైలులో కిటికీ పక్క చోటు దొరికింది. వారాల తరువాత మొదటిసారి నాకు ఆకలి వేసింది. ఇంటికి వచ్చి మునిలక్ష్మిని మరి రెండు దోసెలు అడిగి వేయించుకున్నాను.

గురువారం. మండపం తిరుత్తణి ఊరి చివర, కొండ కనబడే చోట. బయట రోడ్డు మీద కావళ్లు వెళుతూనే ఉన్నాయి. వారి పంబల మోత, మా నాదస్వరం ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. నేను పట్టు పంచె కట్టుకొని, ఇస్త్రీ చెదరని కండువా వేసుకొని, వేదిక మీద పెళ్లికూతురికి కుడివైపున నాకు తగిన స్థానంలో నిలబడ్డాను. అక్కడినుంచి కదలలేదు. ప్రతి ఫోటోలో నేను ఉన్నాను. మేనత్తల ఫోటోలో ఉన్నాను. మణికంఠ ఆఫీసు మిత్రుల ఫోటోలో కూడా ఉన్నాను; అక్కడ నా అవసరం ఏమిటని ఎవరూ అడగలేదు.

వేదిక కింద, దేవసేన భుజం పక్కన, వరదయ్య. నేను నిర్ణయించిన చోటనే. ఆ మనిషి గొంతు మాత్రం నేను నిర్ణయించినట్టు లేదు.

"ఏయ్ మునియప్ప మామా, నీకు జుట్టు లేదని సిగ్గుపడబాక, ఈడ సగం ఊరు గుండ్లే, ముందుకు రా. అక్కా, నువ్వు మణికంఠకి పెద్దమ్మవు గదా, వెనక నిలబడితే రేపు మీ ఇంటికొస్తే మాకు పులుసు పడేది లేదు. పళనీ, ఆ సెల్లు జేబులో పెట్రా, పెండ్లికూతురు ఈడుండాది."

జనం నవ్వుతున్నారు. వేదిక మీదికి వచ్చేవారు బిగుసుకొని వచ్చి, ఆయన మాట తగలగానే వదులై, ఫోటో దిగి, నవ్వుకుంటూ వెళుతున్నారు. దేవసేన కూడా నవ్వు ఆపుకుంటూ మీట నొక్కుతున్నది. నేను నవ్వలేదు. ఫోటోలో పెద్దవారు నవ్వకూడదని నా నమ్మకం.

నడుమలో ఒక సంగతి గమనించాను. మనస్వి చూపు నా మీద లేదు, మణికంఠ మీద కూడా ఎక్కువ లేదు. దేవసేన కెమెరా ఉన్నచోటికి కొంచెం పక్కగా ఉంది. కెమెరాను చూడమని చెబుదామనుకున్నాను. అంతలో తాళికట్టు వేళ అయింది, మేళం ఊపందుకుంది, అందరితోపాటు నేనూ అక్షతలు వేశాను.

ఆ తరువాత కుటుంబాల ఫోటోలు. నన్ను, మనస్విని ఇద్దరినే ఉంచి తీయమని నేనే అడిగాను. ఇది నేను చాలాకాలంగా కోరుకున్నది. భుజాలు నిటారుగా పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తి నిలబడ్డాను. దేవసేన కెమెరా ఎత్తింది. వరదయ్య ఆమె చేతిమీద వేలు వేసి ఆపాడు.

"అట్లా వద్దు తల్లీ. బావా, రిజిస్టర్ ఆఫీసులో ఫోటో మాదిరి ఉండాది. ఆ మెడ కొంచెం వదులు చెయ్యి. మనసమ్మా, మీ తాతగారి కండువా జారిపోతా ఉంది, చూసుకోవా?"

కండువా జారలేదు. నేను దానికి పిన్ను పెట్టించి ఉన్నాను. కానీ మనస్వి నావైపు తిరిగి, రెండు చేతులతో కండువా కొసను పట్టుకొని భుజం మీద సర్దింది. ఆమె గాజులు నా మెడకు చల్లగా తగిలాయి. పిన్ను చూసి ఆగింది. "పిన్ను పెట్టుకున్నారా తాతగారూ?" అని నవ్వింది. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఏమన్నానో నాకు గుర్తులేదు. దేవసేన అప్పుడే మీట నొక్కిందట.

ఆ వెంటనే వంటశాల దగ్గర ఏదో గొడవ అని ఎవరో వచ్చి వరదయ్యను పిలుచుకొని పోయారు. ఆయన తిరిగి వచ్చేసరికి దేవసేన తన కావడి పనికి వెళ్లిపోయింది. మనుమరాలి పెళ్లిలో ఆయన ఒక్క ఫోటోలో కూడా లేడు. నేను అనుకున్నది జరిగింది.

ఆడి ముగిసిన తరువాత దేవసేన ఫోటోలు పంపింది. మనస్వి, మణికంఠ మా ఇంటికి వచ్చి ఉన్నారు. హేమనాథ్ వాటిని టీవీ తెరమీద వేశాడు. అందరం హాలులో కూర్చుని చూశాం. ఫోటోలు బాగున్నాయి, ఎవరి ముక్కు వారి ముఖం మీద ఉంది. ఒక్కొక్కటి వస్తుంటే నేను నా స్థానాన్ని చూసుకుంటున్నాను. అన్నింటిలో సరిగ్గా ఉన్నాను, కుడివైపున, నిటారుగా.

కొన్ని అయ్యాక మునిలక్ష్మి కళ్లద్దాలు తుడుచుకొని ముందుకు వంగింది. "ఏమే పాపా, నువ్వు యాడ చూస్తా ఉండావు? ఒక్కదాంట్లో గూడా నేరుగా చూళ్లేదే."

"ఆడ వరదయ్య తాత నిలబడుండె గదా అవ్వా" అన్నది మనస్వి. అది వివరించవలసిన విషయమే కాదన్నట్టు అన్నది.

నేను మళ్లీ మొదటినుంచి వేయించి చూశాను. మేనత్తల మధ్య, స్నేహితుల మధ్య, తాళి పడిన తరువాత కళ్లు తడిగా ఉన్నప్పుడు, ప్రతి ఫోటోలో ఆమె చూపు ఒక్కచోటికే ఉంది. ఆ నవ్వు కెమెరా కోసం నవ్వినది కాదు. ఆ చోటులో ఆయనను నిలబెట్టినవాణ్ణి నేను. పక్కన నిలబడి ఉంటే ఆమె ఆయనను చూడగలిగేది కాదు. పక్కన ఉన్నవాణ్ణి నేను. ఆమె నన్ను చూడలేదు.

ఒక్క ఫోటో తప్ప. అందులో ఆమె చేతులు నా కండువా మీద ఉన్నాయి. ఆమె నన్నే చూస్తున్నది. నా నోరు కొంచెం తెరుచుకొని ఉంది, మెడ వంగి ఉంది, గడ్డం ఉండవలసిన ఎత్తులో లేదు. నేను ఎన్నడూ అలా ఫోటో దిగలేదు. మునిలక్ష్మి దాన్ని చాలాసేపు చూసి, "ఇదెవరో మా ఆయన మాదిరే ఉండాడే" అన్నది. ఆ ఫోటోను పెద్దదిగా వేయించి ఇవ్వమని మనస్వి దేవసేనకు చెప్పింది. తన ఇంటికి ఒకటి, మా ఇంటికి ఒకటి.

నాకు వరదయ్య మీద అసూయ తగ్గిందని నేను రాయడం లేదు. ఆ తరువాతి ఆదివారం ఆయన మామిడికాయ తొక్కు జాడీతో వచ్చినప్పుడు మనస్వి గేటు దాకా పరుగెత్తింది. ఆ పరుగు చూసి నాలో పాతదే మళ్లీ కదిలింది. స్టూడియోలో ఆయన నన్ను అంతసేపు చూడడంలోని అర్థం నేను ఆయనను అడగలేదు, ఆయన చెప్పలేదు. అయితే అసూయ వేరు, జరిగినదాన్ని ఒప్పుకోవడం వేరు.

కనుక, తిరుత్తణిలో నా మనుమరాలు మనస్వి వివాహ సందర్భంలో, తమకు ఫోటోలో స్థానం లేకుండా చేసినది నేనే అయినప్పటికీ, ఆ స్థానంలో ఉన్న నా మెడ వంచి, నా మనుమరాలి ముఖాన్ని నావైపు తిప్పి, ఆమె నన్ను చూసిన ఆ ఒక్క క్షణాన్ని నాకు ఇప్పించినవారు నా వియ్యంకులు శ్రీ వరదయ్య గారేనని, ఆ ఉపకారాన్ని నేను పూర్ణస్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా, కృతజ్ఞతాపూర్వకంగా అంగీకరిస్తున్నాను.